సుడిగుండమును జనసందోహమును: కృష్ణారెడ్డిగారి ముద్రణచిత్రముల పరిశీలనము

నైరూప్య చిత్రమునకు ఎదుట నిలిచిన సామాన్య ప్రేక్షకుడు మొట్టమొదట వేయు ప్రశ్న ఒక్కటే: "ఇది యేమి బొమ్మ?" ఈ ప్రశ్న వినినంతనే కళాపండితులు చిరునవ్వు నవ్వి, అడిగినవానికి రసజ్ఞత లేదని తేల్చివేయుట పరిపాటియైనది. అది న్యాయము కాదు. పద్యమునకు అర్థమడుగుట తప్పు కానప్పుడు చిత్రమునకు అర్థమడుగుట మాత్రము ఏల తప్పగును? అడుగవలసినదే. అయితే సమాధానము తప్పక నామవాచకమై ఉండవలెనని పట్టుపట్టరాదు. చెట్టు, ఏరు, ఆవు అని చెప్పుటకు వీలుగాని చిత్రము మొలచుట, పారుట, చీలుట అని చెప్పుటకు వీలైనదై ఉండవచ్చును. కృష్ణారెడ్డిగారి ముద్రణచిత్రములు ఈ రెండవ తెగకు చెందినవి. వానికి సమాధానము క్రియాపదము.

1963 వ సంవత్సరపు చిత్రము "సుడిగుండము"ను చూచిన ఈ మాట స్పష్టపడును. ఒడ్డున నిలిచి చూచువానికి కనబడు సుడి అందులో లేదు. ఒడ్డే లేదు, ఆకాశము లేదు, సుడిలో చిక్కిన ఆకు గాని పడవ గాని లేదు. నీలము ప్రధానముగా గల రంగులలో లెక్కకు మిక్కిలియైన సన్నని గీతలు ఒకదానినొకటి ఒరసికొనుచు, నడుమ నడుమ చిన్న చిన్న గదులుగా చీలుచు, లోనికి లాగబడుచుండును. చూపును ఎచ్చట నిలిపినను అది నిలువదు. పక్క గీత దానిని అందుకొని ముందునకు తోయును. నీటి రూపమును చిత్రించుట కాదు, నీరు చేయు పనిని కంటిచేత చేయించుట ఇందలి సంకల్పము. పేరు తెలియకపోయినను చూపరి కన్ను తిరుగును. పేరు తెలిసిన పిదప తాను ఎందులో తిరుగుచున్నాడో అతనికి బోధపడును.

నైరూప్యకళ ప్రకృతిని విడిచిపెట్టిన కళ అని ఒక అభిప్రాయము బహుళ ప్రచారములో ఉన్నది. కొందరి విషయమున అది నిజమే కావచ్చును. కృష్ణారెడ్డిగారి విషయమున మాత్రము తలక్రిందులైన మాట. ఆయన ప్రకృతి ముఖమును విడిచి దాని నడకను పట్టుకొనిరి. 1952 నాటి "చేప", "పురుగు" అను తొలి చిత్రములలో ప్రాణి ఇంకను గుర్తుపట్టదగియున్నది; పేరు కూడ వస్తువు పేరే. పిమ్మట పదేండ్లలో చిత్రముల పేళ్లే మారిపోయినవి. 1959 లో "నీటికలువ" వచ్చునప్పటికి పువ్వు తన అంచులను పోగొట్టుకొని నీటిలోనికి వ్యాపించుచున్నది. 1963 లో "అల", "సుడిగుండము" వచ్చినవి. ఇవి వస్తువులు కావు, సంభవములు. అలను చేతితో పట్టి ఇది అల యని ఎవరును చూపజాలరు. నీరు లేచి పడుటకే అల యని పేరు. ఈ పదేండ్ల మార్పును ఆయన కళకు వెన్నెముకగా భావింపవలెను.

ఆయన జీవితవృత్తమును ఇచ్చట క్లుప్తముగా స్మరించిన చాలును. 1925 లో చిత్తూరు ప్రాంతమున నందనూరు గ్రామమున జన్మించిరి. ఆ జిల్లా అప్పుడు మద్రాసు రాజధానిలోనిది. తెలుగును తమిళమును ఇరుగుపొరుగున వినబడు సీమ. 1940ల దశాబ్దపు పూర్వార్ధమున శాంతినికేతనమున నందలాల్ బోసుగారి శిష్యులైరి. ఆ దశాబ్దము చివర మద్రాసునకు వచ్చి, అడయారులో రుక్మిణీదేవిగారు 1936 లో స్థాపించిన కళాక్షేత్రమున చిత్రకళాశాఖకు అధిపతిగా పనిచేసిరి. 1949 లో లండను చేరి స్లేడ్ కళాశాలలో హెన్రీ మూర్ కడ శిల్పవిద్య నభ్యసించి, మరుసటి యేడు పారిసునకు వెడలిరి. అచ్చట జాడ్కిన్ అను శిల్పి కడ కొంతకాలము శిష్యరికము చేసి, స్టాన్లీ విలియం హేటర్ నడుపుచున్న "అతెలియే 17" అను ముద్రణశాలలో చేరిరి. 1976 లో న్యూయార్కునకు తరలి అచ్చటి విశ్వవిద్యాలయమున ముద్రణకళాశాఖను నిర్వహించిరి. భారత ప్రభుత్వము 1972 లో పద్మశ్రీ నిచ్చి గౌరవించినది. 2018 లో న్యూయార్కుననే దివంగతులైరి.

ఈ వరుసలో పాఠకుడు గమనింపవలసిన అంశ మొకటి కలదు. ఆయన ముద్రణకళకు చిత్రలేఖనమునుండి నేరుగా రాలేదు, శిల్పమునుండి వచ్చిరి. చిత్రకారునకు లోహపు రేకు గీత గీయుటకు పనికివచ్చు పలక. శిల్పికి అదే రేకు రాతిబండవంటిది. కృష్ణారెడ్డిగారు రేకును చెక్కిరి, ఆమ్లముతో తినిపించిరి, గీకి నునుపు చేసిరి, పల్లములను మిట్టలను మెట్లు మెట్లుగా తీర్చిరి. అచ్చు తీయకమునుపే ఆ రేకు ఒక సంపూర్ణమైన ఉబ్బెత్తు శిల్పము. అందుచేత ఆయన రేకులను చిత్రమునకు కేవల సాధనములుగా చూచుట పొరపాటు.

ఆయన పేరు చెప్పగానే ముద్రణకళాకారులందరు తలంచుకొను విధానము ఈ శిల్పదృష్టినుండియే పుట్టినది. పూర్వము రంగుల అచ్చు తీయవలెనన్న రంగునకొక రేకు చొప్పున సిద్ధము చేసి, ఒకదానిపై నొకటి కుదురునట్లు కాగితముపై పలుమార్లు ఒత్తవలసియుండెను. హేటర్, బొంబాయినుండి వచ్చిన కైకో మోతీ, కృష్ణారెడ్డిగారు 1950ల దశాబ్దమున ఆ ముద్రణశాలలో చేసిన ప్రయోగముల ఫలితముగా ఒకే రేకుపై పలు రంగులను నిలిపి ఒకే ఒత్తిడితో అచ్చు తీయుట సాధ్యమైనది. విధానము ఇట్టిది. మొదట లోతైన గీతలలో సిరా నింపి పైభాగమును తుడిచివేయుదురు. పిదప అవిసెనూనె దండిగా కలిపి పలుచన చేసిన సిరాను గట్టి రోలరుతో దొర్లింతురు. గట్టి రోలరు వంగదు గనుక ఆ సిరా మిట్టలకే అంటును. తరువాత నూనె తక్కువగల చిక్కని సిరాను మెత్తని రోలరుతో దొర్లింతురు. మెత్తనిది ఒత్తిడికి లొంగి పల్లములలోనికి దిగును. విశేషమంతయు ఇచ్చటనే కలదు. మిట్టలపై ముందే పరచుకొనియున్న పలుచని సిరా, తన మీదికి వచ్చిన చిక్కని సిరాను నిలువనీయదు. రెండును తాకుకొనుచునే కలియక, దేనిచోట అది ఉండిపోవును. నూనె పాలు మార్చినచో ఈ పొందును పోరును కూడ మారును. ఒక చోట తిరస్కారము, ఒక చోట పాక్షికమైన కలయిక, ఒక చోట రెండు రంగులనుండి మూడవది.

ఈ విషయము తెలుగువారికి కొత్తగా తోచనక్కరలేదు. కోరమాండల్ తీరపు అద్దకపు పనివారు బట్టను నీలితొట్టిలో ముంచుటకు ముందు నీలి అంటరాని చోటులకు మైనము పూయుదురు. మైనమున్నచోట నీలి నిలువదు. రంగు వేయువాని చేతికంటె రంగును స్వీకరించు పదార్థము యొక్క స్వభావమే అచ్చటను ఇచ్చటను కర్త. ఇంతమాత్రముచేత కృష్ణారెడ్డిగారు కలంకారీనుండి తమ విధానమును గ్రహించిరని వ్రాయుట సాహసమగును. మనవాడు అనగానే మన ముగ్గును, మన అద్దకమును, మన తోలుబొమ్మను అతని పనిలో వెదకిపట్టుట ప్రవాస సంఘముల వ్యాసములలో తరచుగా కనబడు దుర్బలత. పోలిక అర్థము చేసికొనుటకు సాయపడును. వంశవృక్షము వ్రాయుటకు పనికిరాదు.

విధానమును ఇంత విస్తరించి చెప్పుటకు కారణము లేకపోలేదు. విమర్శకులలో ఒక వర్గము ఆయనను యంత్రశిల్పివలె, నూతన పద్ధతిని కనుగొనిన నిపుణునివలె స్తుతించి ఊరకుండును. మరియొక వర్గము పద్ధతిని పక్కకు నెట్టి, ప్రాచ్య యోగి, ధ్యాని, అద్వైతి అని బిరుదములు తొడిగి తృప్తిపడును. ఇరువురును చిత్రమును చూచుట మానివేసినవారే. ఆయన పనిలో పద్ధతియే భావము. నీటిని బొమ్మగా గీయకుండ, నీటివలె ప్రవర్తించు పదార్థములను ఒకచోట చేర్చి, వాని పరస్పర నియమమును పనిచేయనిచ్చుట ఆయన మార్గము. సుడిగుండములోని నీలము అలంకారముగా అద్దిన నీలము కాదు. పల్లమునకు దిగిన సిరా, మిట్టపై తోసివేయబడిన సిరా, రెంటి నడుమ అంచున వణకుచున్న సిరా: ఆ మూడింటి సంబంధమే అచ్చట కనబడునది. ప్రకృతిలో ఏది దేనిని ఎట్లు తాకును, ఎట్లు తొలగించును అను నియమము కాగితముపై రెండవమారు జరిగినది. "సాదృశ్యము" అను పాత మాటను ఇచ్చట వాడవలెనన్న రూపసాదృశ్యము అని గాక వ్యాపారసాదృశ్యము అని వాడవలెను. ఆయన 1988 లో ఆంగ్లమున ప్రకటించిన గ్రంథమునకు ఏకకాలవర్ణముద్రణమే విషయము. పదార్థములకును ప్రక్రియలకును గల ప్రాధాన్యమును దాని పేరులోనే చాటుట గమనింపదగినది.

రేకు చెక్కుట నెలలు పట్టు పని. కన్ను రేకునకు దగ్గరగా వంచి, బ్యూరిన్ అను చిన్న ఉలిని అరచేతితో నెట్టుచు, రేకును దానిక్రింద త్రిప్పుచు సాగవలెను. అప్పుడు పక్కన మరియొకనికి తావు లేదు. కృష్ణారెడ్డిగారి ప్రకృతి చిత్రములలోని ఏకాంతమునకు మూలము ఈ పనిలోనిదే యనుట అసంగతము కాదు. సుడిగుండములో మనుష్యుడు లేడు, అలలో లేడు. చూచువాడును ఒంటరియే. కాని ఆ ఏకాంతము జరిగిన చోటు ఎట్టిది? అతెలియే 17 ఒక గది నిండ జనము. హేటర్ దానిని 1927 లో పారిసున ప్రారంభించెను. 1933 లో మారిన వీధిలోని ఇంటి సంఖ్యయే దానికి పేరైనది. యుద్ధకాలమున న్యూయార్కునకు తరలి, 1950 లో తిరిగి పారిసునకు వచ్చినది. పలు దేశములవారు ఒకే యంత్రము చుట్టు నిలిచి, ఒకరి తప్పునుండి ఇంకొకరు నేర్చుకొనుచుండిరి. 1960లలో అచ్చట అభ్యసించినవారిలో అలీగఢ్ నుండి వచ్చిన జరీనా కూడ ఉండెను. 1964 నుండి కృష్ణారెడ్డిగారు హేటర్‌తోపాటు ఆ శాలకు సహనిర్దేశకులైరి.

ఏకకాలవర్ణముద్రణమును ప్రథమమున కనుగొనినది ఎవరను వివాదము ముద్రణకళా చరిత్రకారులలో ఉన్నది. ఒకరు హేటర్ అందురు, వేరొకరు కృష్ణారెడ్డి అందురు, మోతీని విస్మరింపరాదని మరియొకరు. తెలుగువారికి సహజముగానే ఒక తీర్పుపై మక్కువ కలుగును. ఆ మక్కువను పక్కన పెట్టుటయే మేలు. ఒకే గదిలో, ఒకే యంత్రముపై, ఒకరు కలిపిన సిరాను వేరొకరు దొర్లించుచు నేర్చిన విద్యకు ఒక్కని పేరు పెట్టుట ఆ విద్య పుట్టిన తీరునకే విరుద్ధము. ఆయన భాగము పెద్దదనుటకు ఆయన చిత్రములే చాలును. ఇతరులు ఆ పద్ధతిని నేర్చిరి, కాని దానినుండి సుడిగుండమును తీసినవాడు ఆయన.

ఒంటరి రేకునకును జనముగల గదికిని గల ఈ సంబంధము చిత్రములలోనికి బాహాటముగా వచ్చినది 1968 లో. ఆ యేడు మే మాసమున పారిసు విద్యార్థులును కార్మికులును వీధులలోనికి వచ్చిరి. కృష్ణారెడ్డిగారు ఆ నగరమున ఉండిరి. ఆ సంవత్సరపు చిత్రము "ప్రదర్శకులు". నిలువు గీతలుగా లేచిన మనుష్యులు, ఎత్తిన చేతులు, ఒకరి భుజము ఎచ్చట ముగిసి ఒకరిది ఎచ్చట మొదలగునో తెలియని కూర్పు. ఐదేండ్ల క్రిందట నీటిని చీల్చి ముడివేసిన గీతయే ఇచ్చట మనుష్యులను నిలిపినది. అల లేచినట్లు జనము లేచినది అని ఉపమానము చెప్పుట సులభము; చెప్పిన కవులును వక్తలును వేనవేలు. కృష్ణారెడ్డిగారు ఉపమానము చెప్పలేదు. నీటికి వాడిన వ్యాకరణమునే మనుష్యులకు వాడి, రెండింటి నడుమ గీత తెగకుండ చూపిరి.

ఇచ్చట ఒక ఆక్షేపణకు తావున్నది. మనుష్యుని అలవలె చూచినచో అతని ముఖము ఏమయ్యెను? వీధిలోనికి వచ్చిన విద్యార్థికి పేరున్నది, కోపమున్నది, ఇంటివద్ద ఎదురుచూచు తల్లి ఉన్నది. చిత్రములో ఇవి లేవు. జనసందోహమును ప్రకృతిశక్తిగా చూచుటలో, దానిని కదిలించిన కారణములు మాసిపోవు ప్రమాదము కలదు. ఈ ఆక్షేపణ బలమైనదే. దీనికి పూర్తి సమాధానము ఆ చిత్రములో దొరకదు. సమాధానము కొంత దొరకునది తరువాతి పనిలో. 1972 నాటి "జీవనచలనము"లోను, 1970లలో ప్రాకు బిడ్డను గూర్చి చేసిన చిత్రములలోను మనుష్యుడు గుంపునుండి విడివడినాడు. ప్రాకుట అనునది అలవలెనే ఒక చలనము. కాని అది ఎవరో ఒక్క బిడ్డ ప్రాకుట.

1980ల దశాబ్దమున "మహావిదూషకుడు" అను చిత్రమునకును, సర్కసు విదూషకుని గూర్చిన తత్సంబంధ చిత్రములకును కృష్ణారెడ్డిగారు మిక్కిలి శ్రమించిరి. ఒకే రేకును రంగులు మార్చి మార్చి అచ్చు తీసిరి. ఒక అచ్చులో ఉత్సవము, ఒక అచ్చులో మసక. ఇతివృత్తము ఏకాంతమునకును మానవబంధమునకును నేరుగా సంబంధించినది. వందలమంది చుట్టును కూర్చుండి నవ్వుచుండగా నడుమ నిలిచినవాడు విదూషకుడు. అతనికంటె జనమునకు దగ్గరయైనవాడును లేడు, అతనికంటె ఒంటరియైనవాడును లేడు. సుడిగుండమునాటి కేంద్రాభిముఖమైన గీతలు అతని చుట్టును మరల వచ్చినవి. ఇట్లు చూచిన ఈ చిత్రము ఆయన జీవితకాలపు కృషికి కూడలి. అయినను నిష్పక్షపాతముగా చెప్పవలెనన్న, సుడిగుండమునందలి నిర్బంధము దీనియందు లేదు. విదూషకుడు అనగానే జాలి ముందుగానే సిద్ధమై వచ్చును. చిత్రము పని చేయకముందే భావము వచ్చి కూర్చుండును. సుడిగుండమునకు అట్టి సాయము లేదు. అది తన గీతలతోనే చూపరిని లోగొనవలెను, లోగొనుచున్నది కూడ. ఈ రెంటిలో ఏది గొప్పదని అడిగినచో 1963 నాటి దానికే ఓటు వేయవలసియుండును.

స్వస్థలమును విడిచి వందల యేండ్లుగా పరభాషల నడుమ జీవించుచున్న తెలుగు కుటుంబములకు ఒక అలవాటు సహజము. కళాకారుని పనిలో తమ భాష జాడ యేదియో కనబడవలెనని వారు కోరుదురు. కృష్ణారెడ్డిగారి రేకులలో అక్షరము లేదు, దేవత లేదు, పల్లెటూరి ఎద్దులబండి లేదు. ఆయనను తెలుగువారు మరచుటకు కొంతవరకు ఇదియే కారణమని తోచును. ఆయన పని మ్యూజియములలో ఉన్నది. 2016-17 లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియము హేటర్, కృష్ణారెడ్డి, జరీనాల పనిని ఒక్కచోట చేర్చి ప్రదర్శించినది. తెలుగున ఆయనను గూర్చి వ్రాయబూనినవానికి మాత్రము రేకునకు, తలమునకు, సిరా చిక్కదనమునకు సరియైన శాస్త్రపదములే స్థిరపడలేదు. తన పరిభాషను తాను కల్పించుకొనిన అద్దకపు పనివాని భాష ఈ పనికి చాలినంత సమర్థమైనదే. కావలసినది అద్దకపు పాకలో వినబడు మాటను వ్యాసములోనికి తెచ్చుట.

పుస్తకములలో అచ్చయిన ఛాయాచిత్రములను చూచి ఈ ముద్రణచిత్రములను నిర్ణయించుట తగదు. తడిపిన కాగితమును రేకుపై ఉంచి యంత్రమున ఒత్తునప్పుడు కాగితము పల్లములలోనికి దిగి, ఆరిన పిదప ఆ పల్లములే కాగితముపై గట్లై నిలుచును. మిక్కిలి లోతుగా చెక్కిన గీత మిక్కిలి ఎత్తుగా లేచును. ఛాయాచిత్రమున రంగు వచ్చును, ఈ గట్టు రాదు. అసలు కాగితమును పక్కవెలుతురున పట్టి చూచినచో సుడిగుండములోని గీతలు ఒక్కొక్కటి తన సన్నని నీడను పక్కదానిపై వేయుచుండును. కాగితమును కొంచెము త్రిప్పినచో నీడలును తిరుగును.